సాంచాల హోరులో గిటారు

భివండిలో సాంచాల, అంటే కరెంటు మగ్గాల, పక్కన కాపురముండే వాళ్ళకు చప్పుడు చప్పుడులా ఉండదు, వానలా ఉంటుంది. ఊరి నుంచి కొత్తగా దిగిన చుట్టాలు తల పట్టుకుంటారు, చెవుల్లో దూది కుక్కుకుంటారు. వారం తిరక్కుండానే ఆ హోరులోనే గురక పెట్టి నిద్రపోతారు. రూతమ్మ తలమీద ఆ వాన పెళ్ళయి వచ్చిన నాటి నుంచి కురుస్తూనే ఉంది. కార్ఖానా వెనక గోడకు ఆనుకుని రెండు గదుల ఇల్లు. ముందు గదిలో ఆమె కండెలు చుట్టే మిషను. గోడకు అవతల ఆమె భర్త యాకోబు నడిపే సాంచాలు. ఇవతల ఆమె చుట్టిన దారం కండెలే అవతల నాడెలో కూర్చుని అటూ ఇటూ పరుగెత్తి బట్టగా మారతాయి.

ఆ ఇంట్లో మాటలు సగం పెదవుల మీద, సగం చేతుల్లో నడిచేవి. అన్నం అంటే గుప్పెడు వేళ్ళు నోటి దగ్గరికి, నాన్న వచ్చాడంటే గడ్డం మీద చెయ్యి. అయినా తన చెవి మీద రూతమ్మకు చాలా గర్వం. దారం తెగితే మిషను హోరులో చిన్న వెలితి పుడుతుంది. ఆమె అటు తిరిగి బియ్యం ఏరుకుంటున్నా ఆ వెలితిని పట్టేది. ఉన్నచోటనే చెయ్యి చాచి మిషను ఆపేది. "నా అంత చెవి ఈ గల్లీల ఎవలకున్నది చెప్పు" అనేది పక్కింటి ఐలవ్వతో. ఐలవ్వ కూడా కండెలు చుట్టేదే. "ఉన్నది తల్లీ, నీకే ఉన్నది, మాకు చాటలున్నయి" అనేది.

అలాంటి ఇంటికి ఒకనాటి సాయంత్రం శారోన్ ఒక సంచీ మోసుకొచ్చింది. శారోన్ రూతమ్మ కూతురు. మాన్కోలి గోడౌన్లో పార్సిళ్ళ మీద స్టిక్కర్లు అతికించే పని. పని నుంచి వచ్చి ముఖం కూడా కడుక్కోకుండా సంచీలోవి మంచం మీద పెట్టింది. ఒకటి మిక్సీ అంత ఎత్తున్న నల్లటి స్పీకరు పెట్టె. రెండోది సబ్బుపెట్టె అంత ఆకుపచ్చ ఇనుప డబ్బా. దాని నెత్తిన మూడు నాబులు, కాలితో తొక్కడానికి ఒక గుండీ.

"ఇది యాంప్, ఇది పెడల్" అంది శారోన్ తల్లి ముఖానికి ఎదురుగా నిలబడి, పెదవులు బాగా కదిలిస్తూ. "సెకండ్‌హ్యాండ్‌ల దొరికినయి. డిస్టార్షన్ పెడల్."

"అంటే?"

"గిటారు తీగె చప్పుడు ఉంటది గదా, దాన్ని చింపుతది. చింపి పొడుగు చేస్తది."

"చింపితే పొడుగెట్ల అయితది బిడ్డా? బట్ట చింపితే రెండు తుకుడాలైతది."

"అరే అమ్మా, నువ్వు ఇను ముందుగాల!"

కూతురి తొందర ఎందుకో రూతమ్మకు తెలుసు. వాళ్ళ చర్చి సంఘంలో ఏటా కోత పండుగ జరుగుతుంది, ఈసారి వచ్చే ఆదివారమే. ఊళ్ళల్లో అయితే ఆ రోజు వడ్లు, మక్కలు, గుమ్మడికాయలు తెచ్చి పీఠం ముందు పెడతారు. భివండిలో చేనెక్కడిది? సాంచా మీద కోసిన కొత్త బట్ట చుట్ట, అదే తాకా, వాళ్ళ పంట. ఒక్కో ఇంటివాళ్ళు తాకాను రెండు చేతుల మీద మోసుకుంటూ వరసగా ముందుకు నడుస్తారు. నడిచినంత సేపూ ఒక పాట వరుస మోగుతూ ఉంటుంది. అది మెదక్ వైపు నాట్లేసే ఆడవాళ్ళు పాడుకునే వరుస. రూతమ్మ తల్లి బురదలో వంగి పాడిందీ అదే. ఏళ్ళుగా ఆ వరుసను ఫిన్నీ కీబోర్డు మీద వాయిస్తున్నాడు. ఫిన్నీ యాకోబు అక్క కొడుకు, సంఘంలో పాటలన్నీ అతని చేతిలోనే ఉంటాయి. ఈసారి గిటారు మీద నేను వాయిస్తానని శారోన్ పట్టుబట్టింది. వెనక నుంచి జతగా కాదు, ఒక్కతే. "సరే మరదలా, శుక్రవారం హాల్ల ఇనిపియ్. చెవులకింపుగ ఉంటే నీదే, లేకుంటే నాదే" అన్నాడు ఫిన్నీ. అది శారోన్ గుండెల్లో మేకులా దిగింది. రూతమ్మ గుండెల్లోనూ దిగింది గానీ పైకి అనలేదు. తల్లి పాటను తన బిడ్డ వాయిస్తుంటే తాకా మోసుకుంటూ నడవాలన్నది ఆమెకు అప్పటికే ఒక కలలా తగులుకుంది.

శారోన్ గోడకున్న తన ఎలక్ట్రిక్ గిటారు దించి, వైర్లు జోడించి మంచం కోడుకు ఆనుకుని కూర్చుంది. గిటారు మీటింది. వేళ్ళు కదిలాయి. అవతల సాంచాలు హోరుమంటున్నాయి. రూతమ్మకు ఏమీ అందలేదు.

"ఇంకా" అంది చెయ్యి పైకెత్తి.

శారోన్ యాంప్ మీద సన్న చప్పుళ్ళను పెంచే ట్రెబుల్ అన్న నాబును కొంచెం తిప్పింది. తల్లి ముఖం చూసింది.

"ఇంకా."

పెడల్ తొక్కింది. దాని మీది చింపుడు పెంచే గెయిన్ నాబును సగం దాటించింది. గోడ అవతల ఎవరో పిలిచినట్టు రూతమ్మ కనుబొమలు లేచాయి. "ఆఁ, వస్తున్నది. ఇంకా."

"యాంప్‌లనే ఇంకో డిస్టార్షన్ ఉన్నదమ్మా. ఎర్ర లైటుది. రెండూ కలుపుదునా?"

"కలుపు!"

ఎర్ర దీపం వెలిగింది. గెయిన్ చివరిదాకా, ట్రెబుల్ చివరిదాకా పోయాయి. అప్పుడు వచ్చింది. హోరును చీల్చుకుని, మగ్గం మీద పడుగులో ఒక్క జరీపోగు మెరిసినట్టు వచ్చింది. వెంటిలేటర్ లోంచి పడుతున్న సాయంత్రపు ఎండలో నూలు నూగు తేలుతోంది. ఆ నూగు మీద ఎక్కి వరుస గదంతా తిరుగుతున్నట్టు రూతమ్మకు అనిపించింది. సాంచాలు తాళం వేస్తున్నాయి, బురదలో పాదాలు పడుతున్నాయి, ఎవరో పల్లవి ఎత్తుకుంటున్నారు. మిషను మీద ఒక దారం తెగిందని ఆమెకు చాలాసేపటి దాకా తెలియలేదు.

"ఇదే. గిట్లనే ఉండనియ్. ఏదీ ముట్టకు" అంది.

శారోన్ ప్రతి నాబు పక్కనా తెల్లటి చుక్క పెట్టుకుంది. ఆ వారమంతా సాయంత్రాలు అట్లాగే గడిచాయి. కూర పొయ్యి మీద ఉండేది, కండెలు తిరుగుతుండేవి, బిడ్డ వాయిస్తుండేది. పనిలోంచి లేచివచ్చిన యాకోబు గడప మీద కూర్చుని చాయ్ తాగుతూ, "ఏందది, సాంచా ఖరాబైందా?" అని అడిగి తిట్లు తినేవాడు.

భివండిలో శుక్రవారం సాంచాలకు సెలవు. ఆ రోజు ఊరి మీంచి ఎవరో దుప్పటి లాగేసినట్టు ఉంటుంది. పిట్టలు అరుస్తాయి. పక్కింట్లో పోపు చిటపటలాడితే ఇంట్లోకి వినిపిస్తుంది. హోరు లేక యాకోబుకు నిద్ర పట్టదు, లేచి కూర్చుని గోడవంక చూస్తుంటాడు. రూతమ్మకు మాత్రం శుక్రవారమంటే సన్నటి ఒక కూత. ఎక్కడో దూరంగా, ఆగకుండా, సూదిలా సాగుతుంది. ఊరు నిమ్మళమైతే అట్లాగే మోగుతుందని ఆమె నమ్మకం.

సాయంత్రం ఆటో ఎక్కారు. గిటారు శారోన్ వీపున, యాంప్ ఆమె ఒళ్ళో, పెడల్ రూతమ్మ ఒళ్ళో. ఐలవ్వ కూడా చీర మార్చుకుని ఎక్కేసింది.

"నీకేం పని మా చర్చిల?" అంది రూతమ్మ.

"చాయ్ పోస్తరట గదా. మీ దేవుడు నా పేరు రాసుకుంటడా ఏంది ఒక్క చాయ్‌కి" అంది ఐలవ్వ.

సంఘం హాలు రేకుల కప్పు కింద పొడుగాటి గది. పాటల వాళ్ళు చాపల మీద కూర్చుని ఉన్నారు, కొందరి ఒళ్ళో పిల్లలు నిద్రపోతున్నారు. ఫిన్నీ కీబోర్డు ముందు నుంచి లేచి, "వందనాలత్తమ్మా. దా మరదలా, నీ బాంబులు తెచ్చినవా?" అన్నాడు.

"థాంబ్ నా బావా, జర ఆగు, ఇన్నంక మాట్లాడు" అంది శారోన్.

ఆమె వైర్లు జోడించి, తెల్ల చుక్కల దగ్గరికి నాబులు తిప్పింది. ఎర్ర దీపం, పెడల్ దీపం రెండూ వెలిగాయి. ఇంకా తీగె మీద చెయ్యి పడనే లేదు, చాపల మీది వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్ళు ఎందుకు చూసుకున్నారో రూతమ్మకు అర్థం కాలేదు. శారోన్ మీటింది.

రూతమ్మకు అది తియ్యగా ఉంది. తన గదిలోకన్నా తేటగా, దగ్గరగా ఉంది. కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి చాపల మీద పిల్లలు లేచి ఏడుస్తున్నారు. ఆడవాళ్ళు చెంగులు చెవులకు అడ్డం పెట్టుకున్నారు. ఐలవ్వ అయితే రెండు వేళ్ళూ చెవుల్లో పెట్టుకుని, పళ్ళు బిగించి, పుల్లటి చింతకాయ కొరికినట్టు కూర్చుంది. ఫిన్నీ చేతులూపుతున్నాడు. "బస్ బస్ బస్!"

శారోన్ ఆపింది.

"ఏంది పిల్లా అది? రేకుల మీద ఇనుప కుర్చీ గుంజినట్టున్నది. వాయించకముందే పాము బుసకొట్టినట్టు బుస్సుమంటున్నది. దాంట్ల వరుస ఎక్కడున్నదో జర చూపియ్ నాకు" అన్నాడు ఫిన్నీ.

అందరూ నవ్వారు. శారోన్ చెవులు ఎర్రబడ్డాయి. ఆమె తల్లి వంక చూసింది, వెంటనే చూపు తిప్పుకుంది. "సాంచాల చప్పుడుల పెట్టుకున్న బావా సెట్టింగ్. అక్కడ మంచిగనే ఉండె. నాదే గల్తి."

"మరి పండుగ సాంచాల నడుమ చేద్దామా?" అన్నాడు ఫిన్నీ. మళ్ళీ ఆమె ముఖం చూసి గొంతు తగ్గించాడు. "సరే, అందరం చాయ్ తాగివస్తం. అంతల సరిచేసుకో. కాకుంటే ఆదివారం కీబోర్డే. నారాజ్ కావద్దు మరి."

చాయ్ హాలు వెనక మెట్ల దగ్గర పోస్తున్నారు. రూతమ్మ గ్లాసు పట్టుకుని నిలబడింది, తాగలేదు.

"అంత ఖరాబున్నదా, ఐలవ్వా?"

"అక్కా, నా పండ్లు ఇంక జివ్వుమంటున్నయి."

"నాకు మంచిగనే ఉండె."

ఐలవ్వ చాయ్ ఊదుకుంది. "నీకు మంచిగనే ఉంటది. నీకు సన్న చప్పుళ్ళు ఎక్కడ ఇనస్తయి? నీ కుక్కరు కూస్తే నేను ఉరికొచ్చి బంద్ చేస్త. నీ ఫోన్ మోగితే నేను కేకేస్త."

"ఊకో. అది సాంచాల చప్పుడుకు. శుక్రవారం నాడు నాకు అన్నీ ఇనస్తయి. ఆ కూత గూడ ఇనస్తది."

"ఏం కూత?"

"గదే, శుక్రవారం కూత. సన్నగ. ఇప్పుడూ వస్తున్నది గదా."

ఐలవ్వ తల పక్కకు వంచి నిజంగానే విన్నది. మెట్ల కింద ఆటో ఒకటి పోయింది, ఎక్కడో కాకి అరిచింది. ఆమె రూతమ్మ ముఖంలోకి చూసి, ఎప్పుడూ లేనంత మెల్లగా, పెదవులు మాత్రం స్పష్టంగా కదిలిస్తూ అంది. "ఏ కూతా లేదక్కా."

రూతమ్మ గ్లాసు మెట్టు మీద పెట్టింది. ఇన్నేళ్ళూ ఊరిదనుకున్న చప్పుడు తన తలలోదా? దారం తెగితే పట్టిన చెవి సంగతేమిటి? అది చప్పుడు పట్టడం కాదేమో. కాలికింద నేల అదురులో తేడా తెలిసేదేమో. వారమంతా తను "ఇంకా, ఇంకా" అంటుంటే బిడ్డ నాబులు తిప్పుతూ పోయింది. ఆ తెల్ల చుక్కలన్నీ తన చెవిటితనం గుర్తులు. ఆమెకు ఏడుపు రాలేదు. గ్లాసు అక్కడే వదిలి హాలు వైపు నడిచింది.

హాల్లోకి వచ్చేసరికి శారోన్ ఒక్కతే యాంప్ ముందు గొంతుక్కూర్చుని ఉంది. ఒక నాబు తగ్గిస్తుంది, మీటుతుంది, తల ఎత్తి తల్లి కోసం గుమ్మం వంక చూస్తుంది. రూతమ్మ గుమ్మంలో నిలబడింది. తగ్గించినప్పుడు వరుస తనకు దూరమైంది. అది తన ముఖంలో కనబడిందేమో, శారోన్ మళ్ళీ నాబును పైకి తిప్పింది. మళ్ళీ తగ్గించింది, మళ్ళీ చూసింది, మళ్ళీ పైకి. చిన్నప్పుడు నడక నేర్చుకునేటప్పుడు కూడా ఈ పిల్ల ఇట్లాగే అడుగడుక్కీ తన ముఖం చూసేది.

రూతమ్మ పోయి కూతురి పక్కన కూర్చుంది. "నన్ను చూడకు బిడ్డా" అంది.

"ఏందమ్మా?"

"నా ముఖం చూసి తిప్పకు. ఐలవ్వను చూడు." వెనక్కి తిరిగి పిలిచింది. "దా ఐలవ్వా, ఇక్కడ కూసో. అది వాయిస్తది, నీకు ఎట్లుంటే అట్ల ముఖం పెట్టు. ఏదీ దాచకు."

"నాకు దాచుడు వస్తే ఇంట్ల లొల్లులే ఉండవు" అంది ఐలవ్వ, చాప మీద సర్దుకుంటూ.

శారోన్ ఒకసారి ఇద్దరినీ చూసింది. రూతమ్మే చెయ్యి చాచి ఎర్ర దీపం గుండీ నొక్కి ఆర్పేసింది. "రెండు చింపుళ్ళెందుకు? ఒక్కటి చాలు."

"అయితే యాంప్ సాఫ్‌గ ఉంచి, చింపుడు పని పెడల్‌కే ఇద్దాం" అంది శారోన్. యాంప్ సౌండు పెంచింది, పెడల్ గెయిన్ సగానికన్నా కిందికి దించింది. మీటింది. ఐలవ్వ పళ్ళు విడిపడ్డాయి. ట్రెబుల్ దించింది. ఐలవ్వ నొసటి మీది ముడతలు పోయాయి. లావు తీగె ముట్టుకుంటే చిన్న స్పీకరు కడుపునొప్పి వచ్చినట్టు గురగురమంది. ఐలవ్వ మూతి వంకర తిప్పింది. రూతమ్మ మాత్రం ఆ గురగురకు తల తిప్పింది, అది శారోన్ కంట పడింది. శారోన్ లావు గొంతు బాస్ తగ్గించి, మధ్య గొంతు మిడ్ అన్న నాబును పెంచింది. గురగుర ఆగింది.

"ఆఁ, ఇగో ఇప్పుడు" అంది ఐలవ్వ. "ఇప్పుడు నెయ్యి పోసినట్టున్నది."

సన్న తీగల మీద వరుస సాగుతోంది. ఒక్కో నాబు దిగేకొద్దీ అది రూతమ్మ నుంచి ఒక్కో గల్లీ దాటి పోయింది. ఇప్పుడు ఊరి చివర ఎక్కడో ఉంది. మధ్యమధ్యలో ఒక ముక్క గాలికి కొట్టుకొచ్చి, మళ్ళీ పోతోంది. చాయ్ తాగి వచ్చినవాళ్ళు గుమ్మంలోనే ఆగిపోయారు. వాళ్ళ ముఖాలు చూసి రూతమ్మకు తెలిసింది, బాగుందని. ఫిన్నీ కీబోర్డు మూతమీద వేళ్ళతో తాళం వేస్తున్నాడు.

"గెలిచినవు తీ" అన్నాడు. "ఆదివారం నీదే. అత్తమ్మా, ఎట్లుంది?"

"మంచిగుంది" అంది రూతమ్మ.

తల్లి అబద్ధమాడినప్పుడల్లా చెంగు కొస మెలిపెడుతుందని శారోన్‌కు తెలుసు. ఆ పిల్ల చూపు చెంగు మెలిపెడుతున్న తల్లి చేతుల మీద ఆగింది.

ఆదివారం హాలంతా కొత్త బట్ట వాసన. గంజి, నూనె, నూలు కలిసిన వాసన. పీఠం ముందు తాకాలు తెల్లటి మెట్లలా పేరుకుంటున్నాయి. యాకోబు కోసిన తాకాను రూతమ్మ రెండు చేతుల మీద మోస్తూ బారు చివర నిలబడింది. ముందు నుంచీ గుండె దిటవు చేసుకునే వచ్చింది. వినిపించకపోతే ఏమైంది, అందరూ వింటారు కదా. తనకు వరుస తెలుసు, లోపల పాడుకుంటూ నడుస్తుంది. అంతే.

ఆకుపచ్చ పెడల్ మీద శారోన్ పాదం దిగింది. వేళ్ళు కదిలాయి. బారులో ముందున్న ముసలామె కళ్ళు తుడుచుకుంది. రూతమ్మకు చెవిలో తన కూత, దాని వెనక ఎక్కడో చిన్న తునకలు. జనం అడుగు తర్వాత అడుగు వేస్తున్నారు. ఆమె కూడా లోపల తల్లి పాట పాడుకుంటూ నడిచింది. పాట ఒక చుట్టు అయిపోయింది.

రెండో చుట్టు మొదలవ్వాల్సిన చోట శారోన్ ఒక్క క్షణం ఆగింది. ఫిన్నీ తల ఎత్తి చూశాడు, ప్రాక్టీసులో ఆ ఆగడం లేదు. ఆమె ఎడమచెయ్యి గిటారు మెడ మీద జారి వేరే చోట కుదురుకుంది. కుడిచేతి బొటనవేలు పైనున్న లావు తీగల మీదికి వచ్చింది. అక్కడ అదే వరుసను, కింది గొంతులో ఎత్తుకుంది.

ఉత్త లావు తీగెనైతే ఆ మిక్సీ అంత పెట్టె మోయలేదు. పెడల్ దాన్ని కొంచెం చింపి, పొడుగు చేసి, మధ్య గొంతులోకి లాగి ఇస్తోంది. అది బుసకొట్టలేదు, గురగురమనలేదు. మొగగొంతుకూ ఆడగొంతుకూ మధ్యన, బురదలో వంగిన మనిషి రొమ్ములోంచి వచ్చే గొంతులా వచ్చింది. రూతమ్మ కూతకు కిందుగా, ఆ కూత తాకలేని చోటు నుంచి, నేరుగా ఆమె దగ్గరికి వచ్చింది. ఊరి చివరికి పోయిన వరుస గల్లీలన్నీ నడిచి వెనక్కి వస్తున్నట్టుంది. నీళ్ళు మడమల దాకా ఉన్నాయి. మొలకలు చేతికి చల్లగా తగులుతున్నాయి. పక్కన వంగిన తల్లి తల ఎత్తకుండానే పాడుతోంది, ఒక్కొక్క మాటా విడివిడిగా.

ఎప్పుడు నడిచిందో, పీఠం ముందుకు వచ్చేసింది. పాస్టరయ్య తాకా అందుకోవడానికి చేతులు చాచాడు. ఆమె ఇవ్వలేదు. వెనక వాళ్ళు ఎవరో, "నడువక్కా" అని భుజం తట్టారు.

"ఇయ్యమ్మా" అన్నాడు పాస్టరయ్య.

"జర ఆగుండ్రి అయ్యగారూ" అంది రూతమ్మ, బట్టను గుండెకు హత్తుకుని. "నాకు ఇనవడుతున్నది."

ఆయన చాచిన చేతులు అట్లాగే ఉంచి నిలబడ్డాడు. శారోన్ తల ఎత్తలేదు, తల్లి ముఖం చూడలేదు. లావు తీగల మీద మూడో చుట్టు ఎత్తుకుంది.